చేపల చెరువూ శనివారం ఒక్కపొద్దూ

చేపల మేత కంపెనీలో కొత్తగా చేరిన పిల్లలకి మొదటి వారం శిక్షణ ఇస్తారు. మేతలో మాంసకృత్తులు ఎంత, గుళిక సైజు ఎంత, చేప బరువుని బట్టి రోజుకి ఎంత మేత వెయ్యాలి, అన్నీ తెర మీద బొమ్మలు వేసి చెబుతారు. చేపకి ఆకలి ఎప్పుడు వేస్తుందో మాత్రం చెప్పరు. చెప్పేవాళ్లకీ తెలీదు కాబట్టి. నాకు తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది. తెలిసేసరికి ఒక చెరువు పోయింది. పోయింది నాది కాదు, అదీ అసలు బాధ.

నేను పలాసలో ఉంటూ అటు టెక్కలి నుంచి ఇటు మందస దాకా చెరువులు చూసుకున్న ఫీల్డు టెక్నీషియన్ని. బదిలీల గురించి, ప్రమోషన్ల గురించి ఇక్కడ రాయను. ఎవరికి ఎంత వంగి నమస్కారం పెట్టాలన్నది తప్ప వాటిలో నేర్చుకోవడానికి ఏమీ లేదు. అది మీరు నేను చెప్పకపోయినా నేర్చుకుంటారు.

మా నాయన అడిగిన ప్రశ్న

మాది ఉద్దానం తీరంలో సముద్రం మీద వేటకి వెళ్లే కుటుంబం. ఉద్యోగం వచ్చిందని చెప్పడానికి వెళ్లిన రోజు మా నాయన ఇసుకలో కూర్చుని చిరిగిన వల అల్లుకుంటున్నాడు. తల ఎత్తకుండానే అడిగాడు.

“ఏటిరా ఉజ్జోగం?”

“సెరువుల్లో సేపలకి మేతెలా ఎయ్యాలో రైతులకి సెప్పడం నాయనా.”

“అది ఒకరు సెప్పాలేటి? సముద్రంలో సేపలకి ఎవులెడతన్నారు?”

“అవి ఎతుక్కుని తింటాయి. ఇవి ఎతుక్కోలేవు. మనమే టయానికి పెట్టాలి.”

మా నాయన వల ముడి ఒకటి బిగించాడు. “అలాగైతే అది సేప కాదురా. అల్లుడు.”

మా అమ్మ పగలబడి నవ్వింది. నాకు కోపం వచ్చి ఆ పూట అన్నం కూడా తినలేదు. కానీ తర్వాత నేను చూసిన చెరువుల్లో సగం అల్లుళ్ల చెరువులేనని ఒప్పుకోక తప్పదు.

వద్దనలేని అతిథి

మన ఉద్దానం వాళ్లకి ఎదుటివాడు తింటుంటే ఇంకొంచెం వడ్డించకుండా ఉండలేని జబ్బు ఉంది. విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టినా ఆ చేతి మీదే వడ్డిస్తారు. మనిషి దగ్గర ఇది మర్యాద. చెరువు దగ్గర ఇది హత్య.

కాశీబుగ్గలో జీడిపప్పు వ్యాపారం చేసే ఒక షావుకారు మందస రోడ్డులో కొబ్బరితోట పక్కన చెరువు తవ్వించాడు. నీటి మీద తేలే గుళికల మేత అప్పుడే కొత్తగా వచ్చింది. మేత చల్లగానే చేపలు పైకొచ్చి చప్పుడు చేస్తూ మింగుతుంటే చూడడానికి ముచ్చటగా ఉంటుంది. షావుకారుకి అది సినిమా కంటే బాగుంది. ఇంటికి చుట్టాలొస్తే కాఫీ ఇచ్చి కారెక్కించి చెరువుకి తీసుకొచ్చేవాడు. వచ్చినవాళ్లందరి చేతికీ తలో బకెట్టు. టెక్కలి నుంచి వియ్యాలవారు దిగిన రోజున చేపలు ఐదు సార్లు భోంచేశాయి. చుట్టాలు లేని రోజున పదకొండు గంటలకో, పన్నెండుకో, షాపులో బేరాలు అయ్యాక, ఆయనకి గుర్తొస్తే ఒకసారి.

“షావుకారుగారూ, రోజుకి రెండు పూటలు చాలు. అదే చోట, అదే వేళకి వెయ్యాలి,” అన్నాను.

“ఇంటికొచ్చినోళ్లు సరదా పడతన్నారు బాబూ, నా నోటితో వద్దని సెప్పమంటావేటి? అయినా సేపలే వద్దనట్లేదు, మద్దెన నీకేటి?”

చేప వద్దనదు. విస్తరికి అడ్డం పెట్టడానికి దానికి చెయ్యి లేదు. ఎక్కువ వేస్తే మింగుతుంది, సగం అరక్కుండానే వదిలేస్తుంది. మింగనిది నానిపోయి అడుగున పడి కుళ్లుతుంది. ఆ కుళ్లు నీళ్లలో ఉన్న గాలిని తినేస్తుంది. చేప ఊపిరి కోసం చేసే కష్టంలో పడి ఒంటికి కండ పట్టదు. పైగా చేపల పెంపకంలో అన్ని ఖర్చుల కంటే పెద్ద ఖర్చు మేతే, అంటే షావుకారు డబ్బుతో బురద కొంటున్నాడన్నమాట. ఏడాది తిరిగేసరికి నాచు బ్రహ్మాండంగా పెరిగింది, చేప అరచెయ్యి దాటలేదు. చేపపిల్లలు అమ్మినవాడు మోసం చేశాడని షావుకారు ఊరంతా చెప్పాడు.

ఇది బాగా గుర్తు పెట్టుకోండి. పంట పోతే రైతు చేపపిల్లల్ని తిడతాడు. మేత కంపెనీ నీళ్లని తిడుతుంది. మేత వేసిన వేళని మాత్రం ఎవరూ తిట్టరు.

దాలమ్మప్ప

ఇప్పుడు అసలు సంగతి. మందసకి ఆనుకుని ఉన్న ఒక ఊళ్లో పంచాయతీ చెరువు ఉంది. ఏళ్ల తరబడి దాన్ని కోదండరావు అనే మోతుబరి వేలంలో పాడుకునేవాడు. పిల్లల్ని వదిలి మర్చిపోవడం, ఏడాది చివర బతికున్నవాటిని పట్టుకోవడం, ఇదీ అతని పెంపకం. ఒక ఏడు ఆ ఊరి ఆడవాళ్లు పదిమంది కలిసి చెరువు మాకివ్వండని అడిగారు. అందరూ రోజూ తెల్లారి బస్సెక్కి కాశీబుగ్గ జీడి ఫ్యాక్టరీలకి పిక్కలు కొట్టడానికి వెళ్లేవాళ్లే. జీడిపిక్క నూనె తగిలి వేళ్లు నల్లగా మాడి తోలు ఊడిపోయేది. చెరువు నిలిస్తే ఆ పని మానెయ్యొచ్చని వాళ్ల ఆశ. పెద్దలు నవ్వుకుంటూనే ఇచ్చారు. షరతు ఒక్కటే. మొదటి పంట బాగుంటే చెరువు వాళ్లదే, లేకపోతే మళ్లీ కోదండరావుకి.

ఆ పదిమందికీ పెద్ద దాలమ్మప్ప. అప్ప అంటే మా వైపు అక్క. యాభై దాటిన మనిషి. మేత వెయ్యడం ఆమె పని. పొద్దెక్కి నీరు కాస్త వేడెక్కాక వచ్చేది. ఒక గుప్పెడు చల్లి గట్టు మీద గొంతుకు కూర్చునేది. అవి తిన్నాక ఇంకో గుప్పెడు. నేను నోటుపుస్తకం తెరిచి అడిగాను.

“రోజుకి ఎన్ని కిలోలు ఏత్తన్నావప్పా?”

“తిన్నంత.”

“ఎంత తింటన్నాయి?”

“ఒకరోజు తింటాయి, ఒకరోజు తినవు. నువ్వు తినవేటి అలాగ?”

ఆ జవాబు రాసుకోవడానికి నా పుస్తకంలో గడి లేదు. వదిలేశాను.

ఇంకో విచిత్రం ఉంది. పదిమందీ శనివారం ఒక్కపొద్దు ఉండేవాళ్లు. తలస్నానం చేశాక నీసు ముట్టరు. మా మేతలో ఎండుచేపల పొడి కలుస్తుంది, బస్తా విప్పితే ఆ వాసన గుప్పుమంటుంది. అందుకని శనివారం ఎవరూ బస్తా జోలికి వెళ్లేవాళ్లు కాదు. వాళ్లతో పాటు చెరువుకీ పస్తే. నేను లోలోపల నవ్వుకున్నాను. మూడు నెలల తర్వాత విసురువల వేయించి చేపల్ని తూకం వేశాను. నేను చూసే చెరువులన్నిటిలోకీ వీళ్ల బొచ్చె చేపలూ శీలావతి చేపలే బరువు. వాడిన మేత అందరికంటే తక్కువ. నేను ఏం రాసుకున్నానో తెలుసా? ‘నీరు మంచిది’ అని. చదువుకున్నవాడికి కళ్లెదుట ఉన్నది కనిపించకుండా చెయ్యడానికి మూడు మాటలు కూడా అక్కర్లేదు.

నాలుగు రంగుల ఛార్టు

మా మేనేజరు గారు విశాఖపట్నం నుంచి కారులో వచ్చేవారు. ఆయన చెరువుకి పది అడుగుల దూరంలో ఆగిపోతారు, బూట్లకి బురద అంటుతుందని. అంత దూరం నుంచే నీటి రంగు చూసి తీర్పు చెబుతారు. ఆ ఏడు ఆయన నాలుగు రంగుల్లో అచ్చేసిన మేత ఛార్టు తెచ్చారు. ఎక్కడో వేరే నేల, వేరే ఎండ, నీళ్లలోకి గాలి కొట్టే మరలు తిరిగే పెద్ద చెరువుల కోసం తయారైన ఛార్టు. ముప్ఫై రోజులకీ ముప్ఫై గడులు, అన్నీ నిండే ఉన్నాయి. ఖాళీ గడి అంటే మేత అమ్ముడుపోని రోజని అర్థం.

“ఈ ఆడవాళ్ల చెరువులో నెలకి నాలుగు రోజులు మేత వెయ్యట్లేదేంటి?” అని అడిగారు.

“శనివారం ఒక్కపొద్దండి సార్.”

“ఎవరికి?”

“ఆడవాళ్లకి సార్.”

“మరి చేపలకి?”

“వాటికీ పడిపోతోంది సార్.”

ఆయన టీ ఒలికిపోయేలా నవ్వారు. “చేపకి శనివారాలు ఉండవయ్యా!” అన్నారు. నేను ఆయన కంటే కొంచెం ఎక్కువే నవ్వాను. పైవాడు నవ్వితే అంతకు మించి నవ్వడం మా ఉద్యోగంలో ఎక్కడా రాయని నిబంధన.

మర్నాడే ఛార్టు పట్టుకుని వెళ్లి దాలమ్మప్ప ఇంటి గోడకి అంటించాను. శనివారాలకి ఒక మనిషిని పెట్టుకోమన్నాను.

“ఆ రోజు లేకపోయినా బాగానే ఉన్నాయి కదా బాబూ. ఆదివారం పొద్దున్న గట్టు కాడికి ఎగబడి వత్తన్నాయి, ఒక్క గింజ మిగల్నివ్వట్లేదు. కడుపు కాలీ అయితేనే కదా ఆకలి?”

“వారానికి ఆరు రోజులు తింటేనే ఇంత పెరిగితే, ఏడు రోజులు తింటే ఇంకెంత పెరుగుతాయప్పా? లెక్క చూడు.”

ఆమె నాకేసి చూసింది, ఛార్టుకేసి చూసింది. “మీరు సదువుకున్నోళ్లు,” అంది.

కొత్తగా ఈ పనిలోకి వచ్చే పిల్లలకి చెబుతున్నాను. రైతు ఆ మాట అన్నాడంటే మీరు వాదనలో గెలిచారని అర్థం కాదు. అక్కడితో నోరు మూసుకుని, అతను ఏం చూశాడో అడిగి తెలుసుకోవాలి. నేను అడగలేదు. ఛార్టు గోడకి సరిగ్గా అంటిందో లేదో చూసుకుని వచ్చేశాను.

ముసురు

శనివారాల కోసం బైరాగి అనే అతన్ని కుదుర్చుకున్నారు. ఊరి మొదట్లో టీ కొట్టు నడిపేవాడు. ఛార్టులో ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి అని ఉంటే, కొట్టు వదిలి రెండుసార్లు ఎవడు వస్తాడని రెండు పూటలదీ కలిపి మధ్యాహ్నం ఒకేసారి కుమ్మరించి పోయేవాడు. చేపలు తిన్నాయో లేదో నిలబడి చూడాలని ఛార్టులో లేదు, అందుకని అతను చూడలేదు. బైరాగిని నేను తప్పుపట్టను. కంపెనీలో నేను చేసిందీ అదే.

కార్తీకంలో ముసురు పట్టింది. మంగళవారం మొదలైన వాన శుక్రవారానికి కూడా వదల్లేదు. మబ్బు పడితే నాచుకి ఎండ తగలక చెరువు నీళ్లలో గాలి పుట్టడం తగ్గిపోతుంది. నీరు చల్లబడి చేప మూతి ముడుచుకుంటుంది. అలాంటప్పుడు మేత సగానికి తగ్గించాలి, ఇంకా ముదిరితే పూర్తిగా ఆపెయ్యాలి. ఇది నాకు తెలియదా? తెలుసు. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను.

శుక్రవారం సాయంత్రం దాలమ్మప్ప ఫోను చేసింది.

“బాబూ, రెండు రోజుల్నుంచి సరిగ్గా తినట్లేదు. మేత నీటి మీదే నానిపోతంది. రేపు శనివారం ఎలాగూ మాం ముట్టం. బైరాగిని కూడా రావద్దంటాను. ఒగ్గెయ్యమంటావా?”

అప్పటికి నెలాఖరు. మేనేజరు గారు రోజుకి రెండుసార్లు ఫోను చేసి మేత ఎన్ని టన్నులు అమ్ముడైందని అడుగుతున్నారు. బండి మీద వెళ్లి చూస్తే గంటసేపట్లో తేలిపోయేది. వానలో తడవడం ఇష్టం లేకపోయింది.

“ఆపొద్దప్పా. ఛార్టు ప్రకారం వేసెయ్యండి,” అన్నాను.

“సరే బాబూ,” అంది.

శనివారం బైరాగి రెండు పూటల మేతా ఒకేసారి వేశాడు. ఆదివారం పొద్దున్నే కొట్టు తెరుస్తూ చెరువు వైపు చూస్తే చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుచుకుని ఉన్నాయట. పాపం ఆకలేస్తోందనుకుని, శనివారం మిగిలిన అర బస్తా కూడా పోసేశాడు. నోరు తెరిచినవాడికి అన్నం పెట్టడమే మనవాళ్లకి తెలిసింది. చేప నీటి మీదికొచ్చి నోరు తెరిచేది అన్నం కోసం కాదు, గాలి కోసం. ఆ ఒక్క ముక్క బైరాగికి చెప్పాల్సిన ఉద్యోగం నాది.

నేను వెళ్లేసరికి చెరువు తెల్లగా ఉంది. పొట్టలు పైకి తేలి అంచు దాకా ఆనుకుని ఉన్నాయి. ఆడవాళ్లు మోకాలి లోతు నీళ్లలో దిగి తట్టలతో ఎత్తి గట్టు మీద పోస్తున్నారు. మోటారు తెప్పించి నీటిని తిరగదోడి మూడోవంతు చేపల్ని దక్కించాం. దాలమ్మప్ప నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

పంచాయతీ వరండాలో

వారం తర్వాత ఊరివాళ్లు సభ పెట్టారు. చెరువు ఆడవాళ్ల దగ్గర ఉంచాలా తియ్యాలా అన్నదే సంగతి. నన్నూ పిలిచారు. బయల్దేరే ముందు మేనేజరు గారు ఫోనులో, “ఛార్టు ఊసెత్తకు. వాతావరణం అని చెప్పు, ఎవరికీ ఇబ్బంది ఉండదు,” అన్నారు.

కోదండరావు ముందు వరసలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. “సేపలు ఆకలికి సావడం సూసినాం గాని, ఆడోళ్లు తిండెట్టి సంపడం ఇదే సూడ్డం,” అన్నాడు. వరండా అంతా నవ్వింది. దాలమ్మప్ప స్తంభం పక్కన నిలబడి ఉంది.

సర్పంచి నా వైపు తిరిగాడు. “నువ్వు తెలిసినోడివి. నువ్వు సెప్పు బాబూ, తప్పెవులిది?”

“వాతావరణం అండి,” అన్నాను.

ఎవరికీ ఇబ్బంది లేని మాట అనుకున్నాను. కోదండరావు ఆలోచించడానికి ఒక్క నిమిషం కూడా తీసుకోలేదు. “ముసురు మా ఊరికొక్కదానికే పట్టిందేటి? సుట్టూ ఇన్ని సెరువులుంటే ఇదొక్కటే సచ్చిందంటే, తప్పు మబ్బుదా, మేతేసినోళ్లదా?”

దానికి జవాబు నా చొక్కా జేబులో మడతపెట్టి ఉంది, నాలుగు రంగుల్లో. బయటికి తియ్యలేదు. చెరువు కోదండరావుకి పోయింది. ఆడవాళ్లు మళ్లీ కాశీబుగ్గ బస్సెక్కారు.

నేను చేసిన తప్పులు చాలా ఉన్నాయి. ఛార్టు అంటించడం తెలివితక్కువతనం, ఫోనులో ఆపొద్దనడం బద్ధకం. వరండాలో చెప్పినది మాత్రం పిరికితనం. మొదటి రెండూ మీరూ చేస్తారు, చేసి నేర్చుకుంటారు. మూడోది చేస్తే నేర్చుకోవడానికి ఏమీ మిగలదు.

ఆదివారం సెలవు

ఆ తర్వాత ఎవరికీ చెప్పకుండా కొన్ని చెరువుల్లో వారానికొక రోజు మేత మాన్పించి చూశాను. చేప బరువు తగ్గలేదు. మేత మిగిలింది, అడుగున కుళ్లు తగ్గింది. మర్నాడు చేప శుభ్రంగా తిని అరిగించుకుంది. దాలమ్మప్ప గట్టు మీద కూర్చుని కనిపెట్టినదే.

కొన్నేళ్లకి కంపెనీ కొత్త ఛార్టు వేసింది. వారానికొక గడి ఖాళీ. దాని పేరు ‘విశ్రాంతి దినం’. విదేశీ నిపుణులు చెప్పారని కొత్త మేనేజరు గారు చెబితే అందరం చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను.

రిటైరయ్యాక ఒకరోజు కాశీబుగ్గ బస్టాండులో దాలమ్మప్ప కనిపించింది. ఫ్యాక్టరీ నుంచి ఇంటికి వెళ్తోంది. వేళ్లు నల్లగా మాడి ఉన్నాయి.

“బాగున్నావా బాబూ? సేపలు బాగున్నాయా?”

కొత్త ఛార్టు సంగతి చెప్పాను. వారానికొక రోజు మేత ఆపుతున్నారని చెప్పాను. ముఖం విప్పారింది.

“ఏ వారం?”

“ఆదివారం.”

“ఆదివారం మీకు కదా సెలవు,” అని నవ్వింది.

నేనూ నవ్వబోయాను, రాలేదు. ఇన్నేళ్లుగా దాచుకున్నది చెప్పేశాను. “అప్పా, ఆ రోజు సభలో అబద్ధమాడాను. చెరువు పోయింది మీ వల్ల కాదు. నా ఛార్టు వల్ల, నా మాట వల్ల.”

ఆమె ఆశ్చర్యపోలేదు. “నాకెందుకు సెప్తన్నావు బాబూ? నాకు తెలుసు కదా. ఆ రోజు ఊరోళ్లకి సెప్తావని నీ మొకమే సూసినాను,” అంది. కోపంగా కూడా అనలేదు. ఇంతలో మందస బస్సొచ్చింది, సంచి ఎత్తుకుని ఎక్కేసింది.

ఆ ఊరికి కాశీబుగ్గ నుంచి బస్సులో గంట కూడా పట్టదు. ఆ వరండా అలాగే ఉంది. సభలో నవ్వినవాళ్లు చాలామంది బతికే ఉన్నారు. కోదండరావు దగ్గరే ఇంకా చెరువు ఉంది. నాకిప్పుడు ఉద్యోగం లేదు, మేనేజరు లేడు, నెలాఖరు లేదు. అయినా ఆ బస్సెక్కలేదు. ఇంట్లో కూర్చుని, మీకు బుద్ధులు చెబుతూ ఈ పుస్తకం రాస్తున్నాను.